అమ్మ బొమ్మ గీస్తే పోలిక రావడం లేదు: కళ్లూ ముక్కూ బాగానే ఉన్నాయి, మనిషే లేదు

చిత్తుకాగితం | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా పెన్సిల్‌తో ముఖాలు సాధన చేస్తున్నాను. మొదటి మూడు నెలలు కళ్లు మాత్రమే గీశాను. ఒక నోటు పుస్తకం నిండా కళ్లే. రాత్రిపూట తెరిస్తే అన్నీ కలిసి నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. తర్వాత ముక్కులు, ఆ తర్వాత పెదవులు. విడివిడిగా చూస్తే దేనికీ పెద్దగా వంక పెట్టడానికి లేదు.

పోయిన వారం ధైర్యం చేసి అమ్మ ఫోటో ముందు పెట్టుకుని మొత్తం ముఖం మొదలుపెట్టాను. మూడు రాత్రులు పట్టింది. పూర్తయ్యాక చూపిస్తే, అమ్మ చదువుకునే కళ్లజోడు తెచ్చుకుని మరీ కాసేపు చూసి, "బాగుంది, ఎవరీవిడ?" అంది.

రెండో సంగతి రంగులు. ఆ బొమ్మకు నకలు తీసి దాని మీద రంగు పెన్సిళ్లు వేశాను. పెట్టెలో చర్మం రంగు అని ఒక పెన్సిల్ ఉంటే ముఖమంతా దానితోనే నింపాను. బుగ్గల మీద కాస్త గులాబీ, నీడలకు నలుపు. ఆవిడ ఎవరో గానీ, ఇప్పుడు మట్టిబొమ్మ కూడా అయింది.

రెండు బొమ్మలూ, ఫోటో జతచేశాను. ఎక్కడ తప్పుతున్నానో మొహమాటం లేకుండా చెప్పండి.

రబ్బరుపొడి | శనివారం, రాత్రి 10:05

మీ అమ్మగారి మాటకు నొచ్చుకోకండి. నేను మా తమ్ముణ్ని గీస్తే ఇంట్లో అందరూ మామయ్య అనుకున్నారు. పోనీలే, వంశమైనా కలిసిందని సంతోషించాను.

బొమ్మ చూశాను. చెవులు ఏవండీ? జుట్టు కింద దాచేశారా? ఫోటోలో ఒక చెవి స్పష్టంగా కనిపిస్తోంది.

చిత్తుకాగితం | శనివారం, రాత్రి 10:11

పట్టేశారు. చెవులు నాకు రావు. అందుకని జుట్టు కాస్త ముందుకు దువ్వాను.

వెలుగునీడ | శనివారం, రాత్రి 11:20

మొహమాటం వద్దన్నారు కాబట్టి నేరుగా చెబుతాను. మీ కళ్లు బాగున్నాయి, ఉండవలసిన చోట లేవు.

నా తెర మీద మీ బొమ్మకు స్కేలు పెట్టి కొలిచాను. నడినెత్తి నుంచి గడ్డం కొస వరకు 18 సెంటీమీటర్లు ఉంది. కళ్ల గీత నెత్తి నుంచి 7 సెంటీమీటర్ల దగ్గరే ఉంది. ఎదురుగా చూస్తున్న పెద్దవారి తలలో కళ్లు దాదాపు సరిగ్గా సగంలో, అంటే 9 దగ్గర ఉండాలి. మీరు రెండు సెంటీమీటర్ల పుర్రె కోసేశారు. ఆ ఖాళీ కింద మిగిలిపోతే దాన్ని నింపడానికి ముక్కు సాగింది, గడ్డం పెరిగింది.

ఈ తప్పు చేయనివారు నాకు ఇంతవరకు కనబడలేదు, నాతో సహా. మనిషిని చూసినప్పుడు మన చూపు కళ్ల మీదా నోటి మీదా ఆడుతుంది. నుదురు, నడినెత్తి, బుగ్గల పక్క భాగం, వీటిలో చదవడానికి ఏమీ లేదని మనసు వాటిని చిన్నవి చేసేస్తుంది. మీరు ఎనిమిది నెలలుగా సాధన చేసింది కూడా ఆ చదివే భాగాలనే. తలను ఒక్కసారి కూడా గీయలేదు. ఇల్లు కట్టకుండా కిటికీలు చెక్కుతూ కూర్చున్నారు.

కొన్ని కొలతలు గుర్తుంచుకోండి. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమల వరకు, కనుబొమల నుంచి ముక్కు అడుగు వరకు, అక్కడి నుంచి గడ్డం కొస వరకు, ఈ మూడూ ఇంచుమించు సమానం. మన శిల్పశాస్త్రాల్లోనూ ఇదే లెక్క: ముఖం పన్నెండు అంగుళాలు, నుదురు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటి నాలుగేసి. అక్కడ అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మ పరిమాణాన్ని బట్టి మారే కొలమానం. అడ్డంగా చూస్తే తల వెడల్పు సుమారు అయిదు కళ్ల వెడల్పు. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు. చెవి కనుబొమ ఎత్తులో మొదలై ముక్కు అడుగు దగ్గర ముగుస్తుంది.

ఇక అసలు మాట. ఇవన్నీ సగటు కొలతలు. సగటుగా ఉండే మనిషి ఎక్కడా ఉండరు. ఆ సగటు నుంచి మీ అమ్మగారు ఎక్కడ, ఎంత పక్కకు జరిగారో అదే పోలిక. ఫోటో చూడండి: ఆవిడ ముక్కు భాగం మిగతా రెండిటి కంటే పొడవు, గడ్డం పొట్టి. మీరు గడ్డం పెంచి ఆవిడ గుర్తునే తుడిచేశారు.

చిత్తుకాగితం | ఆదివారం, ఉదయం 7:15

లేవగానే స్కేలు తీసుకుని కూర్చున్నాను. మీరన్నది నిజం. తల అంటే జుట్టు మొదలయ్యే గీత వరకే అని నా లెక్క. దాని పైన ఉన్నది జుట్టు, ఏదో టోపీలా అతికిస్తే సరిపోతుంది అనుకున్నాను. ఆ జుట్టు కింద పుర్రె ఉంటుందని తట్టనే లేదు.

గీతమీదగీత | ఆదివారం, ఉదయం 9:30

ఇంత కొలతల గొడవ ఎందుకండీ? ఫోటో మీద రెండేసి సెంటీమీటర్ల గళ్లు గీయండి. కాగితం మీద లేత చేతితో అవే గళ్లు గీయండి. గడిలో ఏముంటే గడిలో అది గీయండి. నేను పదేళ్లుగా గళ్లతోనే గీస్తున్నాను, పోలిక తప్పిన సందర్భాలు చాలా తక్కువ.

వెలుగునీడ | ఆదివారం, ఉదయం 10:02

గళ్లతో బొమ్మ వస్తుంది, చేయి రాదు. ఆ ఫోటో తీసేసి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టండి, ఆ మనిషి తల కొంచెం వంచితే మీ గళ్లన్నీ ఏమవుతాయి?

గీతమీదగీత | ఆదివారం, ఉదయం 10:20

మనిషిని కూర్చోబెట్టి గీసే తీరిక నాకూ లేదు, కూర్చునే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఫోటో నుంచి గీస్తాను, నాకు ఆనందంగా ఉంటుంది. దాన్ని తప్పు అనకండి.

నాలుగురంగులు | ఆదివారం, మధ్యాహ్నం 1:45

ఈ తగువు కొత్తది కాదు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1525లో అచ్చువేసిన కొలతల పుస్తకంలో ఒక బొమ్మ ఉంది: చిత్రకారుడు నిలువుగా నిలబెట్టిన గాజుపలక గుండా ఎదుటి మనిషిని చూస్తూ ఆ గాజు మీదే గీస్తుంటాడు. తల కదలకుండా, కన్ను ఒకే చోట ఉండేలా ముందు ఒక ఆనవాలు కూడా ఉంటుంది. అంత చేయి ఉన్నవాడే సాధనం వాడటం తప్పు అనుకోలేదు.

నా పద్ధతి చెబుతాను. ముందు గళ్లు లేకుండా గీస్తాను. అయిపోయాక ఫోటో మీదా బొమ్మ మీదా గళ్లు వేసి ఎక్కడ తప్పానో చూస్తాను. ఒక్కో మనిషికి తప్పులోనూ ఒక అలవాటు ఉంటుంది. నేను ఎప్పుడూ ఎడమ కన్ను పైకి ఎత్తేస్తాను. ఏడాదిపాటు ఇలా సరిచూసుకుంటే గానీ అది నాకు తెలియలేదు.

పలకబలపం | ఆదివారం, సాయంత్రం 5:10

సరిచూసుకునే విషయం వచ్చింది కాబట్టి ఇంకో చిట్కా. బొమ్మను అద్దంలో చూడండి, తర్వాత తలకిందులు చేసి చూడండి. అద్దంలో చూస్తే వాలిపోయిన కళ్లు, పక్కకు జరిగిన నోరు వెంటనే కనబడతాయి, ఎందుకంటే ఇంతసేపూ మీ కన్ను వాటికి అలవాటు పడిపోయి ఉంటుంది.

తలకిందులు చేయడం ఇంకో రకం పని. అప్పుడు అది ముఖంగా కనబడదు, ఆకారాలుగా కనబడుతుంది. 1980లో పీటర్ థాంప్సన్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఒక ఫోటోలో కళ్లను, నోటిని మాత్రమే తిప్పి అతికించి, మొత్తం ఫోటోను తలకిందులుగా చూపించాడు. చూసినవారికి పెద్దగా తేడా అనిపించలేదు. నిటారుగా పెట్టగానే ఆ ముఖం భయంకరంగా ఉంది. నిటారుగా ఉన్న ముఖాన్ని మనం మొత్తంగా ఒక్కసారి చదివేస్తాం, తలకిందులుగా ఉంటే ఆ చదువు సాగదు. పోలిక బాగుందో లేదో తేల్చడానికి తలకిందులు పనికిరాదు. ఈ నీడ ఆకారం ఎంత వెడల్పు, ఆ ఖాళీ ఎంత అని కొలిచి గీయడానికి మాత్రం అంతకు మించింది లేదు.

రబ్బరుపొడి | ఆదివారం, సాయంత్రం 5:32

ఇప్పుడే మా తమ్ముడి బొమ్మ తలకిందులు చేసి చూశాను. ఇప్పటికీ మామయ్యే.

వెలుగునీడ | ఆదివారం, రాత్రి 8:50

చిత్తుకాగితం గారూ, ఆ ఫోటో ఎలా తీశారు? చేయి చాచి అమ్మగారే తీసుకున్నారా?

చిత్తుకాగితం | ఆదివారం, రాత్రి 9:05

అవునండీ, సెల్ఫీ. ఎలా తెలిసింది?

వెలుగునీడ | ఆదివారం, రాత్రి 9:40

ముక్కు చెప్పింది. ఫోను ముఖానికి అంత దగ్గరగా ఉన్నప్పుడు ముక్కు కొస కెమెరాకు చాలా దగ్గర, చెవులు చాలా దూరం. దగ్గరిది పెద్దదవుతుంది, దూరంది చిన్నదై వెనక్కి పోతుంది. ముఖం సన్నగా, ముక్కు లావుగా వస్తుంది. మీరు ఎంత నిజాయితీగా గీసినా ఆ అబద్ధాన్నే గీస్తారు. ఇందాక నేను ముక్కు భాగం పొడవు అన్నాను, అందులో కొంత ఫోను చేసిన పని కూడా అయి ఉండవచ్చు. ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. గడ్డం గురించి మాత్రం తీసుకోను.

రెండు మీటర్ల దూరంలో నిలబడి, ఫోను ఆవిడ కళ్ల ఎత్తులో పట్టుకుని, జూమ్ చేసి మళ్లీ తీయండి. ఫ్లాష్ వద్దు. ఎదురుగా పడిన వెలుతురు నీడలన్నిటినీ తినేస్తుంది. ఒక పక్క కిటికీ ఉండేలా కూర్చోబెట్టండి, గదిలో మిగతా దీపాలు ఆర్పేయండి. ముఖంలో ఒక సగం వెలుగు, ఒక సగం నీడ రావాలి. అప్పుడు ముక్కు ఎంత ఎత్తుగా ఉందో, కన్ను ఎంత లోపలికి ఉందో వెలుతురే చెబుతుంది.

తల కట్టడం ఇలా చేయండి. ముందు ఒక బంతి. దాని రెండు పక్కలా పలచగా చెక్కేసినట్టు ఊహించుకోండి, అవి కణతలు. ముందు భాగంలో నడుమ నిలువుగా ఒక గీత, కనుబొమల దగ్గర అడ్డంగా ఒక గీత, రెండూ బంతి ఒంపును అనుసరించి. కింద దవడ తగిలించండి. తల తిరిగితే ఆ గీతలూ తిరుగుతాయి. ముందు ఈ బంతులు ఒక యాభై గీయండి. కళ్లు గీయాలని చేయి లాగుతుంది, గీయకండి.

చిత్తుకాగితం | తర్వాతి శనివారం, రాత్రి 10:30

యాభై అన్నారు, అరవై రెండు గీశాను. ఇంట్లో వాళ్లు గుమ్మడికాయలు ఎందుకు గీస్తున్నావని అడుగుతున్నారు.

కొత్త ఫోటో తీసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నెత్తి ఉంది! జతచేస్తున్నాను. తెలియనివాళ్లు కూడా ఆ ఫోటోలో ఉన్నావిడే అని గుర్తుపడతారు అనుకుంటున్నాను. కానీ కళ్లు ఇంకా ఉబ్బినట్టు, భయపడి చూస్తున్నట్టు ఉన్నాయి. విడిగా గీసినప్పుడు ఇలా లేవు.

వెలుగునీడ | ఆదివారం, ఉదయం 8:15

మెచ్చుకోవలసిన పని చేశారు. ఇప్పుడు కన్ను.

మీ కన్నులో మూడు సంగతులు చూశాను. మొదటిది, నల్లగుడ్డు పూర్తి గుండ్రంగా, చుట్టూ తెలుపుతో కనబడుతోంది. మామూలుగా చూస్తున్నప్పుడు పై రెప్ప దాన్ని కొంత కప్పేస్తుంది, కింది రెప్ప దాని అంచును తాకుతుంది. చుట్టూ తెలుపు కనబడేది నిజంగా భయపడినప్పుడే.

రెండోది, తెల్లగుడ్డును కాగితం తెలుపుతో వదిలేశారు. అది తెల్లగా ఉండదు. అదొక బంతి, పైగా రెప్ప కింద నీడలో ఉంటుంది. కన్నులో కాగితం తెలుపు ఉండవలసింది మెరుపు చుక్క ఒక్కటే. తెల్లగుడ్డు మీద గట్టి పెన్సిల్‌తో బూడిదరంగు పలచగా వేసి చూడండి, ఆ మెరుపు ఒక్కసారి వెలుగుతుంది.

మూడోది నాకు చాలా ఇష్టమైన సంగతి. పై రెప్పకు మందం ఉంది. ఆ మందం కింద, కనుగుడ్డు మీద, నల్లగుడ్డు పైభాగం మీద, ఒక సన్నని నీడ పడుతుంది. రెప్పకు దగ్గర ముదురుగా, కిందికి వచ్చే కొద్దీ కరిగిపోతూ. కిటికీ దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి అడుగు దూరం నుంచి చూడండి. ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేరు. అదే కింది రెప్పకు మందం పైకి తిరిగి ఉంటుంది, తడిగా ఉంటుంది, అందుకని అక్కడ నీడ కాదు, సన్నని మెరుపు గీత. మీరు పైనా కిందా ఒకే నల్లగీత గీశారు. కింది గీతను చెరిపేసి, దాని చోట రెండు మూడు చోట్ల మాత్రమే లేత మరక పెట్టండి.

ఇంకో మాట. రెప్పల ఒంపు బాదంగింజలా రెండు వైపులా సమానం కాదు. పై రెప్ప ఎత్తైన చోటు ముక్కు వైపుకు, కింది రెప్ప లోతైన చోటు చెవి వైపుకు జరిగి ఉంటాయి.

గీతమీదగీత | ఆదివారం, ఉదయం 9:00

ఇది మాత్రం గళ్లలో దొరకదు. ఒప్పుకుంటున్నాను.

చిత్తుకాగితం | ఆదివారం, రాత్రి 9:20

ఆ రెప్ప నీడ! అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూశాను. "అలా కళ్లలోకి చూస్తున్నావేమిటి, జ్వరమా?" అంది.

ముక్కు పక్కన గీతలు కూడా చెరిపేశాను. ముక్కుకు పక్క గీత అనేదే లేదని ఇప్పుడు తెలిసింది. ఒక వైపు నీడ, అడుగున నీడ, కొస మీద మెరుపు, అంతే. ముక్కుపుటాలను పూర్తి నలుపు చేయవచ్చా?

నాలుగురంగులు | ఆదివారం, రాత్రి 9:45

వద్దు. పెన్సిల్ అయితే ముదురుగా వేసి అంచులు మెత్తగా వదలండి. రంగుల్లో అయితే ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు. లోపల ఉన్నది చర్మమే, గొయ్యి కాదు. పెదవుల మధ్య గీత కూడా అంతే: మూలల దగ్గర, నడుమ కొంచెం నొక్కి, మిగతా చోట్ల తేలిపోనివ్వండి. వెలుతురు పైనుంచి పడితే పై పెదవి నీడలో, కింది పెదవి వెలుగులో ఉంటాయి. కింది పెదవిని గీతతో కాదు, దాని అడుగున ఉన్న నీడతో చూపించండి.

పలకబలపం | సోమవారం, ఉదయం 6:50

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. మా పాప బొమ్మ గీస్తే నలభై ఏళ్ల ఆవిడలా వస్తోంది. రెండేళ్ల పాప. నేను అద్దాలు, తలకిందులు అన్నీ చేశాను.

వెలుగునీడ | సోమవారం, ఉదయం 7:30

చిన్నపిల్లలకు కళ్లు సగానికి కిందికి పెట్టాలి. నుదురు పెద్దది, ముఖం చిన్నది. కనుగుడ్డు పుట్టేటప్పటికే 16, 17 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దయ్యాక 24 మాత్రమే. అందుకే చిన్న ముఖంలో కళ్లు అంత పెద్దగా కనబడతాయి. ముక్కు పొట్టి, ముక్కుదూలం దాదాపు లేనట్టే. అన్నిటి కంటే ముఖ్యం, ముక్కు నుంచి నోటి మూలకు వచ్చే గీత గీయకండి. ఆ ఒక్క గీతతో ముప్పై ఏళ్లు మీద పడతాయి.

పలకబలపం | సోమవారం, ఉదయం 7:41

ఆ గీతే. తుడిచేశాను. పాప తిరిగి వచ్చింది.

రబ్బరుపొడి | సోమవారం, రాత్రి 8:00

నీడలను వేలితో రుద్ది మెత్తగా చేయడం మీద మీ అభిప్రాయం? నాకు చాలా ఇష్టం, త్వరగా అయిపోతుంది.

వెలుగునీడ | సోమవారం, రాత్రి 8:20

నాకు ఇష్టం లేదు, త్వరగా అయిపోతుంది కాబట్టే. వేలి జిడ్డు కాగితానికి అంటుకుంటే తర్వాత ఆ చోట పెన్సిల్ సరిగా పట్టదు, రబ్బరుకూ లొంగదు. పైగా ముఖమంతా ఒకే నునుపు వచ్చి మైనపు బొమ్మ అవుతుంది. రుద్దాలనుకుంటే కాగితపు చుట్టతో, ఒకటి రెండు చోట్ల. మిగతాది పెన్సిల్ గీతలే ముఖం ఒంపు వెంట తిరగనివ్వండి.

మెత్తనిపెన్సిల్ | మంగళవారం, సాయంత్రం 6:15

రంగుల ప్రశ్నను అందరూ మరిచిపోయినట్టున్నారు. నేను రంగు పెన్సిళ్లతోనే పనిచేస్తాను కాబట్టి చెబుతాను.

చర్మం రంగు పెన్సిల్‌ను పెట్టెలోంచి తీసి పక్కన పడేయండి. చర్మానికి ఒక రంగు లేదు. పైపొర పలచన, దాని కింద రక్తం, కొన్ని చోట్ల దగ్గరగా ఎముక. వెలుతురు కొంత చర్మంలోకి దిగి, లోపల చెదిరి, ఎర్రబడి బయటికి వస్తుంది. ఎండకు వీపు పెట్టి నిలబడిన మనిషి చెవి ఎర్రగా వెలగడం చూసే ఉంటారు, అదే.

ముఖాన్ని మూడు పట్టీలుగా చూడండి. నుదురు కొంచెం పసుపు వైపు. కళ్ల కింద నుంచి ముక్కు, బుగ్గలు, చెవులు ఎరుపు వైపు, అక్కడ రక్తం ఎక్కువ. నోటి చుట్టూ, గడ్డం మీద కాస్త చల్లని రంగు. గడ్డం గీసుకునే మగవారిలో అది నీలిబూడిద దాకా పోతుంది. ఈ తేడా చాలా తక్కువగా ఉండాలి. ఉందని తెలియాలి, కనబడకూడదు. ఎక్కువ చేస్తే జెండా అవుతుంది.

మీ అమ్మగారిది చామనఛాయ. నేనయితే ఇలా వెళతాను. మొదట పసుపు మట్టిరంగు, మెరుపు చోట్లు వదిలేసి, పెన్సిల్ బరువు తప్ప చేతి బరువు లేకుండా. దాని మీద ఇటుక రంగు, పైన చెప్పిన నడిపట్టీలో ఇంకో పూత. తర్వాత గోధుమరంగు, నీడ వైపు. ఆ నీడలోకి ఊదా, దానిలోకి ముదురు నీలం. నలుపు అసలు లేదు. నలుపు వేస్తే నీడ చచ్చిపోతుంది, మీకు మట్టిబొమ్మ వచ్చింది అందుకే. వెలుగు నీడలోకి తిరిగే అంచు ఉందే, అక్కడ ఎరుపు ఒక పిసరు ఎక్కువ వేయండి. చర్మంలోకి దిగిన వెలుతురు అక్కడ బయటపడుతుంది.

నల్లని ఛాయకు చాలామంది గోధుమరంగుకు నలుపు కలిపి సరిపెడతారు. అది ఛాయకు చేసే అన్యాయం. అక్కడ ముదురు గోధుమ, ముదురు ఎరుపు, ఊదా, నీలం అన్నీ ఉంటాయి. చర్మం ముదురైన కొద్దీ మెరుపులు స్ఫుటంగా కనబడతాయి, కిటికీ వెలుతురయితే లేతనీలంగా కూడా ఉంటాయి. మెరుపును తెల్లగా వదలకుండా లేతనీలం వేసి చూడండి.

ఒక్కో పొర పలచగా ఉండాలి. కాగితం గరుకు నిండిపోతే ఇక రంగు ఎక్కదు, జారుతుంది. మైనం పెన్సిళ్లు అయితే మందంగా వేసిన ముదురు చోట్ల కొన్ని రోజులకు తెల్లని పొగలాంటి పొర తేలుతుంది. బూజు అని కంగారు పడకండి, అది మైనమే. మెత్తని గుడ్డతో మెల్లగా తుడిస్తే పోతుంది.

అన్నిటికంటే ముందు అదే కాగితం ముక్క మీద రంగులు ఒకదాని మీద ఒకటి వేసి చూసుకోండి. నేను ఆ ముక్క లేకుండా ఏ ముఖమూ మొదలుపెట్టను.

నాలుగురంగులు | మంగళవారం, రాత్రి 9:10

నలుపు గురించి చిన్న తగువు పెట్టుకుంటాను. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో ఒక రంగుల పలక ప్రసిద్ధం: తెలుపు, పసుపు మట్టిరంగు, ఇంగిలీకపు ఎరుపు, దంతపు నలుపు. నాలుగే. 1896లో వేసుకున్న స్వీయచిత్రంలో ఆయన చేతి పలక మీద ఆ రంగులే కనబడతాయి. నీలం ఉండదు. ఆ నలుపుకు తెలుపు కలిపితే వచ్చే బూడిదరంగు, ఎరుపు పసుపుల పక్కన నీలంగా కనబడుతుంది. పసుపుతో కలిపితే ఆకుపచ్చ వైపు పోతుంది. తైలవర్ణాల్లో నలుపు కూడా ఒక రంగే.

మెత్తనిపెన్సిల్ | మంగళవారం, రాత్రి 9:30

తైలంలో కలుపుతారు, పెన్సిల్‌లో కలపలేరు. మా నలుపు కాగితం మీద కూర్చుంటే లేవదు. మీ నూనె మీకు, మా మైనం మాకు.

నాలుగురంగులు | మంగళవారం, రాత్రి 9:42

ఒప్పుకున్నాను. అయితే ఆకుపచ్చ సంగతి మీకూ పనికొస్తుంది. పాత ఇటాలియన్ చిత్రకారులు గుడ్డు పచ్చసొనతో రంగులు కలిపే రోజుల్లో, ముఖానికి ముందు ఆకుపచ్చ మట్టిరంగు పూసి, దాని మీద గులాబీ రంగు పూతలు వేసేవారు. కింద పచ్చదనం ఉంటే పైన ఎరుపు వెచ్చగా కనబడుతుంది. కాలక్రమంలో పై పూతలు అరిగిపోయి, ఆనాటి కొన్ని ముఖాలు ఇప్పుడు పచ్చగా, జబ్బుపడినట్టు కనబడతాయి. మీ నీడలు మరీ ఎర్రగా మండిపోతుంటే, బూడిద కలిసిన ఆకుపచ్చ పెన్సిల్‌తో ఒక పలచని పొర వేసి చూడండి.

రబ్బరుపొడి | మంగళవారం, రాత్రి 10:15

మా తమ్ముడికి ఆకుపచ్చ వేశాను. ఇప్పుడు మామయ్య కాదు, మామయ్యకు కామెర్లు.

చిత్తుకాగితం | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:30

మళ్లీ వచ్చాను. మొదటి పరీక్ష కాగితం మీద పద్నాలుగు చిన్న గళ్లు వేసుకున్నాను. పసుపు మట్టిరంగు మీద ఇటుక రంగు వేసిన నాలుగో గడి చూడగానే, ఇది అమ్మ చేయి రంగు కదా అనిపించింది. ముఖం కాదు, చేయి. ముఖానికి ఇంకో పొర ఎరుపు కావలసి వచ్చింది.

నీడల్లో ఊదా వేసేటప్పుడు చేయి వణికింది. ముఖం మీద ఊదా ఏమిటి అని. వేశాక దూరం నుంచి చూస్తే ఊదా కనబడలేదు, నీడ కనబడింది. కుడి బుగ్గ కింద మాత్రం ఎక్కువ నొక్కాను, అక్కడ కాగితం నిండిపోయింది, దెబ్బ తగిలి కమిలినట్టు ఉంది. ముద్ద రబ్బరుతో అద్ది అద్ది కొంత తీశాను. జుట్టును వెంట్రుక వెంట్రుకగా గీయకుండా ముందు ముద్దగా వెలుగూ నీడా వేసి, చివర అంచుల్లో నాలుగైదు వెంట్రుకలు లాగాను. బొమ్మ జతచేస్తున్నాను.

ఒక చిక్కు. అమ్మకు చూపిస్తే ఈసారి "నేనే" అంది. అని, మళ్లీ చూసి, "నేనే గానీ ఏదో తేడాగా ఉన్నాను. నాకు ఒక కన్ను చిన్నదని తెలుసు, కానీ అది ఇటువైపు కదా, అటు గీశావేమిటి?" అంది. ఫోటో తీసి మూడుసార్లు కొలిచాను. ఎడమ కన్నే చిన్నది, ఎడమదే గీశాను.

వెలుగునీడ | ఆదివారం, సాయంత్రం 5:05

ముందు బొమ్మ గురించి. గడ్డం పొట్టిగా వదిలారు, సంతోషం. ఎడమ రెప్ప కింద నీడ చాలా బాగా వచ్చింది. కుడి బుగ్గను ఇక ముట్టుకోకండి.

మీరు కొలిచింది సరైనదే. ఆవిడ చెప్పిందీ సరైనదే. తన ముఖాన్ని ఆవిడ ఇన్నేళ్లుగా చూసుకున్నది అద్దంలో. అద్దంలో ఎడమ కన్ను ఎడమ పక్కనే కనబడుతుంది. మీ బొమ్మలో, ఎదురుగా కూర్చున్న మనిషిలా, కుడి పక్కన ఉంది. మీకు తెలిసిన అమ్మ, ఆవిడకు తెలిసిన ఆవిడ, ఒకరికొకరు ఎదురుబొదురు.

రబ్బరుపొడి | ఆదివారం, సాయంత్రం 5:20

అయితే బొమ్మను అద్దం ముందు పెట్టి ఆవిడను పిలవండి.

చిత్తుకాగితం | ఆదివారం, రాత్రి 7:50

పిలిచాను. చాలాసేపు చూసింది. "ఆ, ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది. తర్వాత ఇంకా దగ్గరికి వెళ్లి, "నా చెవులేవి?" అని అడిగింది.

ఎవరైనా చెవులు నేర్పుతారా?